ఐదుగురి ఆటకు పదకొండుగురి బంతా? ఫుట్‌సాల్ పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన దేశ ఫుట్‌బాల్ పాలకులకు, రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘాల బాధ్యులకు, క్రీడా శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ డ్రిల్లు మాస్టారనే అంటారు. రోజూ సాయంత్రం ఐదింటి నుంచి ఏడింటిదాకా ఓ పాతిక మంది పిల్లలకు ఫుట్‌సాల్, అంటే గట్టి నేల కోర్టులో చిన్న బంతితో జట్టుకు ఐదుగురు ఆడే ఆట, నేర్పుతున్నాను. దానికి జీతం లేదు, నేను అడగనూ లేదు. ఈ లేఖలో రాస్తున్న సంగతుల మీదే సంబంధిత కార్యాలయానికి ఇదివరకు మూడు ఉత్తరాలు పంపాను, మూడూ రిజిస్టర్ పోస్టులోనే. మూడు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులూ స్టాంపుతో, అడ్డదిడ్డపు సంతకంతో తిరిగొచ్చాయి. జవాబు మాత్రం రాలేదు. ఒకసారి ఫోన్ చేస్తే "పైకి పంపాం మాస్టారూ" అన్నారు. ఆ పైన ఎవరున్నారో వాళ్లు చెప్పలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు ఒక ఆదివారం సంగతి చెప్పాలి.

ఫుట్‌సాల్ సెలెక్షన్ ట్రయల్స్ అని కబురొస్తే ఏడుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని తెల్లవారుజామున పాసింజర్ రైలెక్కాను. ఇళ్ల దగ్గర కట్టిచ్చిన పులిహోర పొట్లాలు సంచిలో ఉన్నాయి. తీరా వెళ్తే అది ఇండోర్ కోర్టు కాదు, ప్లాస్టిక్ గడ్డి పరిచిన టర్ఫ్. నడుస్తుంటే నల్ల రబ్బరు గుళ్లు బూట్లలోకి దూరుతున్నాయి. బంతి చూశాను. ఐదో నంబరు, అంటే పదకొండుగురు ఆడే ఫుట్‌బాల్‌ది. పిల్లలు ఎక్కువమంది వచ్చారని జట్టుకు ఏడుగురి చొప్పున దింపారు. గడియారం లేదు, ఫౌళ్లు లెక్కపెట్టే మనిషి లేడు.

మా వాడొకడు, పదిహేనేళ్లవాడు, ముందు నిలబడి ఆడతాడు. ఫుట్‌సాల్‌లో ఆ స్థానాన్ని పివట్ అంటారు. వెనక నుంచి వచ్చిన బంతిని అరికాలి కింద అలా నొక్కి పట్టి, ఒక్క క్షణం ఆగి, పక్కనుంచి పరిగెత్తుకొచ్చినవాడి కాలికి దొర్లించాడు. ఏడాదిన్నర పాటు రోజూ చేయించిన పని అది. ఈల పట్టుకున్నాయన ఆట ఆపేసి, "ఏంట్రా బంతిని తొక్కుతున్నావు? లోపలి పాదంతో ఆపడం నేర్పలేదా మీ సారు?" అని గట్టిగా అరిచాడు. వాడు నా వైపు చూశాడు. నేను నోరు మెదపలేదు. జాబితాలో వాడి పేరు రావాలి కదా. వాడు ఆ తర్వాత బంతిని లోపలి పాదంతోనే ఆపాడు. గట్టి బంతి, ఎగిరే బంతి, రెండుసార్లు జారిపోయింది.

ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పదకొండుగురి ఆటకు ఆయన మంచి కోచ్ అట. మధ్యాహ్నం పిల్లలందరికీ మజ్జిగ కూడా ఇప్పించాడు. ఫుట్‌సాల్‌లో బంతిని ఆపేది అరికాలితోనే అని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఎంపిక చేసే మనిషికి ఆట సంగతి తెలిసేలా చేయాల్సిన బాధ్యత మీది. ఆ రోజు జాబితా నెల దాటాక వచ్చింది. ఎవరికి ఎందుకు చోటు దొరికిందో, ఎవరికి ఎందుకు దొరకలేదో అందులో ఒక్క ముక్క లేదు.

ఇక మన జాతీయ జట్టు సంగతికి వస్తాను. ఆ టర్ఫ్ మీద జరిగినదానికీ మన జట్టు అంతర్జాతీయ రికార్డుకీ సంబంధం లేదని మీరు అనుకోవచ్చు. ఉందని నా వాదన.

ఫుట్‌సాల్ 1930లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో పుట్టింది. హువాన్ కార్లోస్ సెరియాని అనే వ్యాయామ ఉపాధ్యాయుడు దీన్ని తయారుచేశాడు. (ఒక డ్రిల్లు మాస్టారే అని నాకు కాస్త గర్వం, ఏమనుకోకండి.) ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా 1989లో నెదర్లాండ్స్‌లో తొలి ఫుట్‌సాల్ ప్రపంచ కప్ పెట్టింది. ఆసియా టోర్నీ 1999లో మొదలైంది. మన దేశపు సీనియర్ పురుషుల జట్టు తొలిసారి ఆసియా కప్ క్వాలిఫయర్స్ ఆడింది ఎప్పుడంటే 2023 అక్టోబరులో, తజికిస్తాన్‌లోని దుషన్బేలో. అంటే ఆసియాలో ఈ టోర్నీ మొదలయ్యాక 24 ఏళ్లకు మనం గడప తొక్కాం. ఆతిథ్య తజికిస్తాన్, పాలస్తీనా, మయన్మార్ మన గ్రూపులో ఉన్నాయి. ఒక్క గెలుపూ లేకుండా తిరిగొచ్చాం.

మళ్లీ క్వాలిఫయర్స్ ఆడింది 2025 సెప్టెంబరులో, కువైట్‌లో. ఈసారి ఇరాన్‌కు చెందిన కోచ్‌ని పెట్టారు. అది మంచి పని, ఒప్పుకుంటాను. కువైట్ చేతిలో, ఆస్ట్రేలియా చేతిలో ఓడి, చివరి మ్యాచ్‌లో మంగోలియాని 3-0తో గెలిచాం. క్వాలిఫయర్స్‌లో మనకు అదే మొదటి గెలుపు. ఆ రాత్రి మా పిల్లలకు ఫోన్‌లో స్కోరు చూపిస్తే కేకలు పెట్టారు. ఒకడు మాత్రం "మాస్టారూ, అయితే క్వాలిఫై అయినట్టేనా?" అని అడిగాడు. కాలేదురా అన్నాను.

మహిళల జట్టు ఇంకా చిన్నది. 2025 జనవరిలో ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో జరిగిన ఆసియా కప్ క్వాలిఫయర్స్‌తో దాని కథ మొదలైంది. అదే ఏడాది చివర్లో ఫిలిప్పీన్స్‌లో ఫిఫా తొలి మహిళల ఫుట్‌సాల్ ప్రపంచ కప్ జరిగింది. మన అమ్మాయిలు దాన్ని ఫోన్లలో చూశారు.

ఓటమికి నేను బాధపడటం లేదు. కొత్త జట్టు ఓడుతుంది, అది మామూలే. సోలమన్ దీవులు అని పసిఫిక్ సముద్రంలో చిన్న దేశం ఉంది. జనాభా పది లక్షలు కూడా లేదు. 2008 ప్రపంచ కప్‌కు మొదటిసారి వెళ్లి రష్యా చేతిలో 31-2తో ఓడింది. స్కోరు మళ్లీ చదవండి, తప్పు పడలేదు. అంత దెబ్బ తిన్నా ఆట మూసేయలేదు. 2012లో మళ్లీ ప్రపంచ కప్‌కు వచ్చి గ్వాటెమాలాని 4-3తో గెలిచింది. ఆ తర్వాత 2016కీ వచ్చింది, 2021కీ వచ్చింది.

ఇటు మన పక్కనే చూడండి. మన గ్రూపులో ఆడిన అదే తజికిస్తాన్ ఆర్నెల్లు తిరిగేసరికి ఆసియా కప్ సెమీఫైనల్ చేరి 2024 ప్రపంచ కప్‌కు తొలిసారి అర్హత సంపాదించింది. అఫ్గానిస్తాన్ అయితే, ఇన్నేళ్ల యుద్ధం తర్వాత, అన్ని కష్టాల మధ్య, ఉజ్బెకిస్తాన్‌లో జరిగిన ఆ 2024 ప్రపంచ కప్‌కు మొదటిసారి వెళ్లి, అంగోలాని ఓడించి ప్రీక్వార్టర్స్ దాకా పోయింది. వియత్నాం 2016లో తొలి ప్రయత్నంలోనే ప్రీక్వార్టర్స్ ఆడింది, 2021లో మళ్లీ అక్కడిదాకా వెళ్లింది. ఇరాన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024 వరకు జరిగిన 17 ఆసియా టోర్నీల్లో 13 వాళ్లవే, మిగతా నాలుగూ జపాన్‌వి. 2016 ప్రపంచ కప్‌లో బ్రెజిల్‌నే ఇంటికి పంపింది ఇరాన్.

ఈ దేశాల్లో చాలావి ధనిక దేశాలేమీ కావు. వాళ్లకు ఆడటానికి గట్టి నేల కోర్టులు ఉన్నాయి, ఆ కోర్టుల మీద ఏటా లీగ్ ఉంది. మన దగ్గర ఫుట్‌సాల్ పేరుతో ఎక్కువగా నడుస్తున్నది టర్ఫ్ మీద ఐదుగురు ఆడే ఫుట్‌బాల్. అదీ సరదా ఆటే, కాదనను. కానీ అది వేరే ఆట.

తేడా ఎక్కడుందో తెలియాలంటే బంతి దగ్గర మొదలుపెట్టాలి. ఫుట్‌సాల్ బంతి నాలుగో నంబరు, చుట్టుకొలత 62 నుంచి 64 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 440 గ్రాములు. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 50 నుంచి 65 సెంటీమీటర్ల మధ్యే ఎగరాలి. అంటే నడుము దాకా కూడా రాదు. అందుకే అది కాలికి అంటుకుని తిరుగుతుంది, అరికాలి కింద ఆగుతుంది. కోర్టు అంతర్జాతీయ పోటీల్లో సాధారణంగా 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి బయటికి పోతే గడియారం ఆగిపోతుంది. పక్క గీత దాటితే చేత్తో విసరడం లేదు, కాలితోనే లోపలికి కొట్టాలి, అదీ నాలుగు సెకన్లలో. ఒక భాగంలో ఆరో ఫౌల్ పడిందంటే ఎదుటివాళ్లకు అడ్డుగోడ లేని ఫ్రీకిక్. మా పిల్లలు ఇప్పుడు రోడ్డు దాటేటప్పుడు కూడా "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడతారు. ఆ నాలుగు సెకన్లు అంతగా ఎక్కేశాయి.

ఇవన్నీ ఒంటబట్టాలంటే చిన్నప్పటి నుంచి అదే నేల మీద, అదే బంతితో ఆడాలి. ఇరవై రెండేళ్లదాకా గడ్డి మీద ఆడినవాణ్ణి తెచ్చి, కొద్దివారాలు క్యాంపులో పెట్టి, చెక్క నేల మీద కువైట్‌తో ఆడమంటే వాడేం చేస్తాడు? పరిగెత్తుతాడు, చెమటోడుస్తాడు, ఓడిపోతాడు. ఆ కుర్రాళ్లను ఒక్క మాటా అనలేం.

మా దగ్గరున్న సరంజామా ఏమిటో కూడా చెప్తాను. స్కూల్లో పాత సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, అంటే అసలు కోర్టులో సగమే. సున్నంతో గీతలు వేస్తాం, వాన పడితే మళ్లీ వేస్తాం. గోల్ పోస్టులు ఊళ్లో వెల్డింగ్ షాపతను జీఐ పైపులతో చేసిచ్చాడు, కూలి తీసుకోలేదు. సరైన బంతులు రెండే. మిగతావి ఐదో నంబరువే, గాలి సగం తీసేసి ఆడిస్తాం. గాలి తీస్తే ఎగరదు నిజమే గానీ, సరిగ్గా దొర్లదు కూడా. లొట్టపడిన బొప్పాయిలా పోతుంది.

దీనివల్ల మామూలు ఇళ్లలో ఏం జరుగుతోందో వరసగా రాస్తాను.

1. సర్టిఫికెట్ల మోసం. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. ప్రపంచంలో ఫుట్‌సాల్‌కు ఫిఫా ఒకటి, ఫిఫాతో సంబంధం లేకుండా సొంత నియమాలతో, సొంత ప్రపంచ కప్‌తో నడిచే ఇంకో సంస్థ ఒకటి ఉన్నాయి. ఈ సంగతి మా ఊళ్లో ఏ తండ్రికి తెలుస్తుంది? "నేషనల్స్" అని వాట్సాప్‌లో పోస్టర్ వస్తుంది. ఎంట్రీ ఫీజు, ట్రాక్‌సూట్, ప్రయాణం, బస అంటూ ఒక్కో పిల్లాడికి వేలల్లో అడుగుతారు. ఆటో నడిపే తండ్రి ఒకాయన బండి మీద అప్పు తెచ్చి కట్టాడు. వాడు వెళ్లాడు, రెండు మ్యాచ్‌లు ఆడాడు, మెరిసే కాగితం తెచ్చుకున్నాడు. తర్వాత ఇంటర్ అయ్యాక స్పోర్ట్స్ కోటాకని ఆ కాగితం పట్టుకుపోతే, ఈ సంస్థ జాబితాలో లేదు అన్నారు. ఆ తండ్రి నా దగ్గరికొచ్చి కాగితం బల్లమీద పెట్టి, "మాస్టారూ, దీని మీద నేషనల్ అని రాసుంది కదా" అన్నాడు. నిజమే, రాసుంది. ఏ సంస్థకు గుర్తింపు ఉందో, ఏ సర్టిఫికెట్ చెల్లుతుందో పెద్దక్షరాలతో తెలుగులో ఒక్క కాగితం మీద మీరు రాసి పెట్టి ఉంటే ఆ అప్పు పుట్టేది కాదు.

2. టర్ఫ్ ఖర్చు. కోర్టు లేదు కాబట్టి కాస్త పెద్ద కుర్రాళ్లు టర్ఫ్‌కి పోతున్నారు. మా దగ్గర రాత్రిపూట గంటకు వెయ్యి పైనే. పదిమంది తలా వంద వేసుకుంటే ఒక గంట. వారానికి మూడు రోజులు ఆడాలంటే నెలకు 1,200. మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడికి అది చిన్న మొత్తం కాదు. వాడు రెండు నెలలు వస్తాడు, మూడో నెల మానేస్తాడు. ఆడగలిగినవాడు ఆగిపోయి, కట్టగలిగినవాడు మిగులుతున్నాడు.

3. ఆడపిల్లలు. నా పాతిక మందిలో తొమ్మిదిమంది అమ్మాయిలు. పెద్ద గ్రౌండ్‌కి పంపమంటే ఒప్పుకోని తల్లులు స్కూలు ఆవరణలో, నాలుగు గోడల మధ్య ఆడే ఆట అంటే ఒప్పుకున్నారు. ఫుట్‌సాల్ ఆడపిల్లలకు ఇంత వీలైన ఆట. కానీ ఆరున్నరకి చీకటి పడితే మాకు లైట్లు లేవు, చలికాలంలో అంతకుముందే. వాళ్ల ఆట అక్కడితో సరి. ఒకమ్మాయి గోల్ కీపర్, చెయ్యి చాచిందంటే బంతి దాటదు. "మాస్టారూ, అమ్మాయిలకి ఇండియా టీం ఉందా?" అని రెండేళ్ల కింద అడిగితే లేదని చెప్పాను. ఇప్పుడు ఉంది. ఆ టీంలోకి ఎలా వెళ్లాలో మాత్రం ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

4. మోకాళ్లు. సిమెంటు మీద పడితే చర్మం లేస్తుంది. గోల్ కీపర్లకు మోచేతులు ఎప్పుడూ పచ్చిపుండే. ఇంతకంటే దీని గురించి రాయక్కర్లేదు.

"అసలు ఫుట్‌బాల్‌కే దిక్కు లేదు, మధ్యలో ఈ ఫుట్‌సాల్ గోల ఏమిటి?" అని మీలో కొందరు అంటారని తెలుసు. ఒక జిల్లా స్థాయి మీటింగ్‌లో నా మొహం మీదే అన్నారు. దానికి నా జవాబు పాతదే. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచ్‌గా ఉండగా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన కూడా వృత్తిరీత్యా టీచరే. చురుకైన పాసింగ్ అలవాటు కావాలని డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు, వాటం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టేవాడని పాత ఆటగాళ్లు చెప్పుకునేవారు. చిన్న చోట, గట్టి నియమాల మధ్య, తక్కువ టచ్‌లతో ఆడించడం అన్నమాట. ఫుట్‌సాల్ చేసే పనీ అదే. బ్రెజిల్ పిల్లలు, స్పెయిన్ పిల్లలు పెద్ద గ్రౌండ్ కంటే ముందు ఈ కోర్టులోనే తిరుగుతారు. బ్రెజిల్ ఫుట్‌బాల్ స్టార్లు రొనాల్డినో, నెయ్‌మార్ అలా వచ్చినవాళ్లే.

ఆ రొనాల్డినో మన దేశానికొచ్చి ఫుట్‌సాల్ ఆడాడు కూడా. 2016లో ప్రీమియర్ ఫుట్‌సాల్ అని ప్రైవేటు లీగ్ పెట్టారు. దానికి మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు లేదు. పేరుమోసిన ఫుట్‌బాలర్లు ఫిగో, గిగ్స్, స్కోల్స్, బ్రెజిల్ ఫుట్‌సాల్ దిగ్గజం ఫాల్కావో, అందరూ వచ్చారు. 2017లో తెలుగు టైగర్స్ అని మన పేరుతో ఒక జట్టు కూడా పెట్టారు. మా పిల్లలు ఆ పేరు నోటుబుక్కుల మీద రాసుకున్నారు. రెండు సీజన్లతో అది కాస్తా మాయమైంది. టీవీలో వెలుగులు చూపించి వెళ్లిపోయారు, మా ఊరికి ఒక్క నాలుగో నంబరు బంతి కూడా రాలేదు.

సమాఖ్య సొంతంగా 2021లో ఫుట్‌సాల్ క్లబ్ చాంపియన్‌షిప్ మొదలుపెట్టింది. తొలిసారి ఢిల్లీ ఎఫ్‌సీ గెలిచింది. 2024లో హల్ద్వానీలో జరిగితే ఆ ప్రాంతపు కార్బెట్ ఎఫ్‌సీ గెలిచింది. ఈ పని చేసినందుకు మెచ్చుకోవాలి. కానీ కొద్ది రోజుల్లో ముగిసే ఒక్క టోర్నీ ఏడాది పొడుగునా ఆడే లీగ్ అవదు. ఓడిన క్లబ్‌కు మూడు నాలుగు మ్యాచ్‌లతో ఆ ఏడాది అయిపోయినట్టే.

కాబట్టి మా విన్నపాలు ఇవి. విన్నపం అని మర్యాదకు రాస్తున్నాను. నాలుగో ఉత్తరం కదా, డిమాండ్లనే అనుకోండి.

1. ఇండోర్ స్టేడియాల తలుపులు తీయండి. హ్యాండ్‌బాల్ కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. గోల్ పోస్టు మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు. ఫుట్‌సాల్ కొలతలూ సరిగ్గా అవే! అంటే హ్యాండ్‌బాల్ గీతలు ఉన్న ప్రతి హాలూ ఈ క్షణాన ఫుట్‌సాల్ కోర్టే. కొత్తగా ఒక్క ఇటుక పేర్చక్కర్లేదు. 2002 జాతీయ క్రీడల కాలంలో హైదరాబాద్‌లో లేచిన హాళ్లు ఉన్నాయి, విశాఖలో ఉంది, విజయవాడలో ఉంది, చాలా జిల్లా కేంద్రాల్లో చిన్నవి ఉన్నాయి. మాకు దగ్గర్లోని ఒక హాలును అడిగితే "బూట్ల గుర్తులు పడతాయి" అన్నారు. గమ్ సోల్ బూట్లు వేసుకుంటే పడవు, షటిల్ ఆడేవాళ్లు వేసుకునేవీ అవే. ఆ మరుసటి వారమే అదే హాలులో రిసెప్షన్ జరిగింది, చెక్క నేల మీద కుర్చీలు ఈడ్చారు. వారానికి రెండు సాయంత్రాలు, రెండేసి గంటలు. అడిగేది ఇంతే.

2. ట్రయల్స్ అంటే ఫుట్‌సాల్ ట్రయల్సే పెట్టండి. గట్టి నేల, నాలుగో నంబరు బంతి, జట్టుకు ఐదుగురు, ఆగే గడియారం. పదిహేను రోజుల ముందు తేదీ, చోటు ప్రకటించండి. ఎంపికైనవాళ్ల పేర్లు వారంలోగా బయటపెట్టండి, ఎంపిక చేసినవాళ్ల పేర్లతో సహా. చూసేవాళ్లలో ఒక్కరైనా ఫుట్‌సాల్ కోచింగ్ కోర్సు చేసినవాళ్లు ఉండాలి.

3. గుర్తింపు జాబితా. ఫుట్‌సాల్‌లో ఏ సంఘం సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాకు చెల్లుతుందో తెలుగులో ప్రకటించి, ప్రతి హైస్కూల్ నోటీసు బోర్డుకు పంపండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఈ నెలలోనే చేయొచ్చు.

4. జిల్లా లీగ్, దాని మీద రాష్ట్ర లీగ్. ఆరు జట్లతో మొదలుపెట్టినా చాలు, కానీ కనీసం నాలుగు నెలలు నడవాలి. జాతీయ క్లబ్ టోర్నీకి రాష్ట్రం తరఫున ఎవరు వెళ్లాలో ఆ లీగ్ పట్టికే తేల్చాలి. అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకేసారి, ఒకే హాలులో పెట్టండి. అమ్మాయిలది వచ్చే ఏడాది చూద్దాం అనే మాట మాత్రం వద్దు.

5. పీఈటీలకు శిక్షణ. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకు ఫుట్‌సాల్ కోచ్‌ల కోర్సు లెవెల్ 1 నుంచీ ఉంది. జిల్లాకు ఇద్దరు టీచర్లను పంపండి, రిఫరీలకు విడిగా పెట్టండి. నేను నియమాలు నేర్చుకున్నది ఫిఫా నియమావళి ప్రింటు తీయించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని. మొదటి రెండేళ్లు నేనూ తప్పే నేర్పాను. గోల్ కీపర్ తన సగంలో నాలుగు సెకన్లకు మించి బంతి పట్టుకోకూడదని నాకు అప్పట్లో తెలియదు. నా తర్వాత వచ్చేవాళ్లకు ఆ తిప్పలు వద్దు.

6. జాతీయ జట్టుకు ఏడాదంతా పని. 2023 అక్టోబరు క్వాలిఫయర్స్‌కీ 2025 సెప్టెంబరు క్వాలిఫయర్స్‌కీ మధ్య దాదాపు రెండేళ్లు. టోర్నీ దగ్గరపడ్డాక క్యాంపు పెట్టడం పరీక్ష ముందు రాత్రి పుస్తకం తెరవడం లాంటిది. 2024 నుంచి ఫిఫా ఫుట్‌సాల్‌కూ ర్యాంకింగులు ఇస్తోంది. ఆడితేనే అందులో పైకి పోతాం. పక్కనే ఇరాన్ ఉంది, ఉజ్బెకిస్తాన్ ఉంది, థాయ్‌లాండ్ ఉంది. వాళ్లతో ఏటా ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారో, క్యాంపులు ఎప్పుడు పెడతారో ముందే క్యాలెండర్ ప్రకటించండి. ఓడితే ఓడనివ్వండి. 31-2తో ఓడినవాళ్ల సంగతి పైన రాశాను కదా.

వీటిలో మూడోదీ రెండోదీ చేయడానికి కమిటీలు, నిధులు అక్కర్లేదు. ఒకటోదానికి ఒక తాళంచెవి కావాలి. మిగతా మూడింటికి టైం పడుతుందని నాకూ తెలుసు. వాటికి ఎప్పటిలోగా అన్నది రాసిచ్చినా చాలు.

ట్రయల్స్‌లో తిట్లు తిన్న మా వాడి సంగతి అడుగుతారేమో. జాబితాలో పేరు రాలేదు. వాడు ఇప్పుడూ వస్తున్నాడు, బంతిని అరికాలితోనే ఆపుతున్నాడు. నేనే మళ్లీ అలా ఆపమన్నాను. కాకపోతే ఈ ఏప్రిల్‌తో టెన్త్ అయిపోతుంది, ఆ తర్వాత వాళ్ల మేనమామ దగ్గర ఏసీ రిపేరు పనికి పంపుతారట. వాళ్ల నాన్నకు ఏప్రిల్ దాకా ఆగమని చెప్పాను. మీ దగ్గర్నుంచి ఏదైనా కబురు వస్తే ఆయనకు చూపిస్తాను.

ఈ లేఖ ప్రతిని ఎప్పటిలాగే రిజిస్టర్ పోస్టులో కూడా పంపుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
పాతిక మంది పిల్లల తరఫున